బెదురుకు రొట్టె

షుగరు జబ్బు తిండితో రాదు, బెదురుతో వస్తుంది. మెక్సికోలోని చోలూలా ఊళ్లో పుట్టినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. రొట్టెల బట్టీ నడిపే ఫిదెన్సియోకైతే సాక్ష్యం ఇంట్లోనే దొరికింది. జాతరలో ఎద్దొకటి మీదికి ఉరికితే వాళ్లమ్మ గోడకు అతుక్కుపోయింది. ఏడాది తిరగకుండానే షుగరు వచ్చింది, ఆ తర్వాత కాలు తీసేశారు. ఆ ఎద్దును అతను ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు.

అలాంటి మనిషి ఒకరోజు తన భార్య దోమితీలాకు చేసిన పరీక్షల ఫలితం కనుక్కోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. నర్సు అరాసెలి అంతా విడమరిచి చెప్పింది. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చిందట. ఒంట్లో ఇన్సులిన్ బోలెడు ఊరుతున్నా ఒళ్లు దాని మాట వినడం లేదట. రక్తంలో చెడ్డ కొవ్వు పెరగడం, మంచిది తగ్గడం, నడుము లావెక్కడం, మెడ చుట్టూ నల్లగా చార పడటం, అన్నీ దాని ఆనవాళ్లేనట. చేతికీ కాలికీ బీపీ పట్టీలు చుట్టి చూస్తే రక్తనాళాలు అప్పుడే బిగుసుకుపోతున్నట్టు తేలింది. ఇలాగే వదిలేస్తే గుండెకో మెదడుకో ముప్పు. రొట్టె, తీపి తగ్గించి రోజూ నడిస్తే ఇంకా వెనక్కి మళ్లించుకోవచ్చు.

"ఇవాళే ఆవిడతో చెప్పండి. మూడు నెలల్లో మళ్లీ తీసుకురండి," అంది అరాసెలి.

చెబితే దోమితీలా బెదురుతుంది. బెదిరిందా, గుమ్మంలో ఉన్నది లోపలికే వస్తుంది. అమ్మ కాలు కళ్లముందు మెదిలింది. ఇంటికొచ్చి, అంతా బాగానే ఉందట అన్నాడు.

ఆ రోజు నుంచి కాపలా మొదలైంది. వార్తలు రాగానే టీవీ కట్టేసేవాడు. ఊరికే మొరుగుతుందని కుక్కను చెల్లెలింటికి పంపేశాడు. డాబా మీదికి బట్టల బుట్ట మోస్తూ ఆమె ఆయాసపడితే లాక్కుని తనే మోసేవాడు. దాంతో ఆమె నడిచే ఆ నాలుగడుగులూ పోయాయి. ఆ ఊళ్లో ఏదో ఒక చర్చి పండగకు తారాజువ్వలు పేలని వారం ఉండదు. జువ్వ పేలిందంటే చాలు, బట్టీ వదిలేసి పరిగెత్తుకొచ్చి బెదురుకు అందరూ పెట్టే మందే ఆమె చేతిలో పెట్టేవాడు. అది వేడి వేడి రొట్టె. కడుపులో అది పడితే బెదురు కుదుటపడుతుందని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. ఆమె నమిలి మింగేదాకా పక్కనే నిలబడేవాడు. ఆమె మెడ మీది చార కంటపడితే మాత్రం చూపు తిప్పుకునేవాడు.

మొదట్లో దోమితీలా, ఇన్నేళ్లకు మళ్లీ ముద్దొస్తున్నానా ఏమిటని ఆటపట్టించింది. తర్వాత ఆ మాట అనడం మానేసింది. పెట్టిన రొట్టె మారు మాట్లాడకుండా తినేది.

మూడు నెలలు దాటాక అరాసెలి రొట్టెలు కొనుక్కోవడానికి బట్టీకి వచ్చింది. కొట్లో దోమితీలా కూర్చుని ఉంది, ఫిదెన్సియో లోపలినుంచి రొట్టెల పళ్లెం తెస్తున్నాడు.

"దోమితీలా గారూ, నడక ఎలా సాగుతోంది? రెండో పరీక్షకి రాలేదేం?"

"ఏం నడక?" అంది దోమితీలా.

అరాసెలి ఫిదెన్సియో వంక చూసింది. రొట్టెల పళ్లెం పట్టుకుని అతను ఉన్నచోటే కొయ్యబారిపోయాడు. అరాసెలి అక్కడే నిలబడి అంతా మళ్లీ మొదటినుంచీ చెప్పి, రేపు పరగడుపున రమ్మని వెళ్లిపోయింది.

దోమితీలా మొహం పాలిపోయింది. ఫిదెన్సియో చెయ్యి అలవాటు కొద్దీ ఒక రొట్టె తీసి ఆమెకు అందించబోయింది. ఆమె దానివంక చూసింది గానీ అందుకోలేదు.

"నేను చచ్చిపోతున్నాననుకున్నా, ఫిదెన్సియో. నువ్వు కుక్కని పంపేసినప్పటినుంచీ. క్యాన్సరని చెప్పుంటారు, నువ్వు నాకు చెప్పలేకపోతున్నావు అనుకున్నా. రోజూ అదే భయం."

"మరి నన్నడగొచ్చుగా."

"అడిగితే నువ్వు బెదురుతావని."

ఫిదెన్సియో పళ్లెం కిందపెట్టి బల్ల పట్టుకున్నాడు. జబ్బు బెదురుతో వచ్చేదైతే, మూడు నెలలుగా ఆమెను బెదరగొట్టింది తనే. రొట్టెతో వచ్చేదైతే, ఆ రొట్టె కాల్చి పెట్టిందీ తనే. రేపటి పరీక్షలో ఏం తేలిందో తనే వెళ్లి కనుక్కొస్తానని గొణిగాడు.

"నువ్వొద్దు," అంది దోమితీలా. "నేనే వెళ్తా. ఏం చెప్పినా ఉన్నదున్నట్టు వచ్చి నీకు చెప్తా. నువ్వు బెదిరినా సరే."