మొదటి కొక్కెం

మొన్న కరీంనగర్‌లో గుడికి పోయి, బయటికి వచ్చాక చెప్పుల స్టాండులో బిళ్ళ ఇచ్చాను. అక్కడి ముసలాయన ఒక్కో అరను వేలితో తడుముతూ వెతికాడు. అర అయిపోగానే మళ్ళీ ఎడమ చివరికి నడిచివచ్చి కింది అర మొదలుపెట్టాడు. వెనకవాళ్ళు విసుక్కుంటున్నారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పులు పోయాయని ఏడుస్తున్నాననుకొని పాపం ఆయన కంగారుపడ్డాడు.

నేను లక్సెట్టిపేట అవతల బొగ్గుగనుల ఊళ్ళో పెరిగాను. గనిలో పైకప్పు కూలి బాపు కాలు విరిగి మంచాన పడ్డాక, కంపెనీ నాకు తాత్కాలికంగా ఆఫీసులో కొలువు ఇచ్చింది. లెక్కల్లో చురుకైనదాన్నని హైదరాబాదు పంపి మూడు నెలలు కోబాల్ నేర్పించారు. కోబాల్ అంటే కంప్యూటరుకు పని చెప్పే భాష. ఆ రోజుల్లో మా ఊళ్ళో కంప్యూటరు ఎక్కడిది! నేను కాగితాల మీద రాసి రైలుకు పంపితే, పట్నంలో అద్దె మిషను గురువారం గురువారం దాన్ని నడిపేది. అచ్చయిన కాగితం శనివారానికి చేరేది. "గా మిషన్ సారు ఏమన్నడే?" అని అవ్వ, అంటే మా అమ్మ, ప్రతి శనివారం అడిగేది. ఆయనెవరో మహా కోపిష్టి అని ఆమె నమ్మకం.

నాకిచ్చిన పని చూడ్డానికి చిన్నదే. వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు షిఫ్టులు. ఏ షిఫ్టులో ఎంతమంది గనిలోకి దిగారో పట్టికగా అచ్చుకావాలి. రోజులకు ఒక లూపు, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే చుట్టు; దాని కడుపులో షిఫ్టులకు ఇంకో లూపు. మొదటిసారి వచ్చిన కాగితంలో సోమవారం గళ్ళు మూడూ నిండాయి. మంగళవారం నుంచి అంతా ఖాళీ. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంకొక్క గురువారం చూస్తనమ్మా. అప్పుడు గిట్లనే వస్తే పట్నంనుంచి వేరేటోణ్ణి తెచ్చుకుంట" అన్నాడు. కొలువు పోతే కంపెనీ ఇచ్చిన క్వార్టరు పోతుంది. నడవలేని బాపును తీసుకొని ఎక్కడికి పోవాలి? నాకు అన్నం సయించలేదు. పొయ్యి ముందు కూర్చుని రోజు ఒకటి, షిఫ్టు ఒకటి, షిఫ్టు రెండు అని గొణుక్కుంటుంటే, నాకేదో గాలి సోకిందని అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు.

షిఫ్టుల లెక్కలు మళ్ళీ సరిచూసుకుందామని ల్యాంపు రూముకు పోయాను. అక్కడ పనిచేసేది బాపు దోస్తు, నేను కాకా అనేదాన్ని. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ఇచ్చిన బిళ్ళ గోడకున్న కొక్కేనికి వేలాడుతుంది; షిఫ్టు అయ్యాక అది అక్కడే మిగిలితే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కాకా ఒక్కో కొక్కేన్ని వేలితో తాకుతూ కుడి చివరిదాకా పోయి, పనిగట్టుకొని ఎడమ చివరికి వచ్చి కింది వరుస మొదలుపెడుతున్నాడు.

"గట్లెందుకు కాకా? గా కొసనుంచే ఎన్కకు రావొచ్చు గద?"

"వరుస మారినప్పుడల్ల మొదటి కొక్కెం కాడికెల్లే షురూ చెయ్యాలె బిడ్డా. లేకపోతే మనిషి తప్పిపోతడు. కప్పు కూలిన దినం మీ బాపు బిళ్ళ నాకు గట్లనే దొరికింది."

నాకు నా కాగితం గుర్తొచ్చింది. సోమవారం పూర్తయ్యేసరికి నా షిఫ్టు లెక్క నాలుగు మీద ఆగింది. మంగళవారానికి దాన్ని మళ్ళీ ఒకటికి తెమ్మని నేను చెప్పనే లేదు. మూడు దాటింది కదా, పని అయిపోయిందనుకొని మిషను మిగిలిన రోజులన్నీ వదిలేసింది. ఒక్క వాక్యం చేర్చి కాగితాలు రైలుకు ఇచ్చాను. రైలు కదిలాక, దాన్ని సరైన చోటే రాశానా అని కొత్త భయం పట్టుకుంది. ఆ నాలుగు రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు.

శనివారం కవరు విప్పే ధైర్యం లేక కాకా దగ్గరికే పట్టుకుపోయాను. ఆయనకు చదువు రాదు. కాగితం బల్ల మీద పరిచి, ఎడమ చివర వేలు పెట్టి, ఒక్కో గడిని తాకుతూ, వరుస కాగానే మొదటికి వస్తూ, చివరి గడిదాకా పోయాడు. నేను ఆ వేలినే చూస్తున్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఒక్క గడి ఖాళీ లేదు, అందరు పైకొచ్చిండ్రు" అన్నాడు.

బాపు కడదాకా ఆ క్వార్టరులోనే ఉన్నాడు. కాకా కూడా పోయి చాలాకాలమైంది. అక్కడ షిఫ్టులు ఇప్పటికీ ప్రతి పొద్దునా ఒకటి నుంచే మొదలవుతాయి. గడిచిన ఏళ్ళను ఒకటికి తెచ్చే వాక్యం మాత్రం నాకెవరూ నేర్పలేదు.