కారణం చెప్పే కోచ్

కోచ్‌కి యాభై దాటినా నడకలో ఇంకా ఆటగాడే. మోకాళ్లు మాత్రం మెట్లెక్కేటప్పుడు అసలు వయసు చెప్పేస్తాయి. ఫుట్‌బాల్ ఆడిన రోజుల్లో ఏ క్లబ్బులోనూ ఆయన రెండేళ్లకు మించి నిలవలేదు. కూరలో కరివేపాకులా తీసేసినవాళ్లే తప్ప, ఎందుకు తీశారో చెప్పినవాళ్లు లేరు. అందుకే తాను కోచ్ అయ్యాక ఎవరిని పక్కన పెట్టినా, వాళ్ల పక్కనే కూర్చుని కారణం చెబుతాడు. ఆ తర్వాత తాపీగా తిట్లు తింటాడు.

జట్టు లీగులో నిలుస్తుందో లేదో తేలే మ్యాచ్‌లో, విరామ సమయంలో అల్లుణ్ణే బయటికి తీయాల్సి వచ్చింది. గోల్స్ కొట్టేది అతనే. గ్యాలరీలో కూతురు చూస్తోంది.

"ఎడమకాలు ఈడుస్తున్నావు. నొప్పి దాచి ఆడుతున్నావు కదూ?"

"ఈ ఒక్క సగం ఆడనివ్వండి మామయ్యా."

"ఆడితే ఇదే నీ ఆఖరి ఆట అవుతుంది. కూర్చో."

అల్లుడు బూట్లు విప్పి గోడకేసి కొట్టాడు. జట్టు ఒక్క గోల్‌తో ఓడి, కింది లీగుకు జారిపోయింది.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లోంచి కూతురు అందుకుంది. "అల్లుడని చూడకపోతే పోనీ నాన్నా, జట్టు సంగతైనా చూసుకోవద్దా?"

స్టీరింగ్ పట్టుకున్న కోచ్ గేరు మార్చాడు. పక్కన కూర్చున్న అల్లుడే వెనక్కి తిరిగాడు. "ఆయన్నేమీ అనకు. కాలు నేలకి ఆనడం లేదు. బాగుందని అబద్ధం చెప్పింది నేనే."

తన తరఫున ఒకరు మాట్లాడటం కోచ్‌కి కొత్త. కళ్లు చెమర్చాయి. రోజూ తిరిగే మలుపు దాటేశాడు.

"నాన్నా, ఇల్లు అటు!"

"ఆసుపత్రి ఇటు," అన్నాడు ఆయన.