రాగి బట్టీకి కళాయి

1955 జూన్‌లో ఉత్తర మద్రాసులోని ఒక కార్మికుల ఆసుపత్రి ప్రయోగశాలలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఆ గదిలో ఉన్నవి: నేను, నా పైఅధికారి డాక్టరుగారు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్ ఒకటి, సన్నని బ్యూరెట్లు రెండు, ఐసుపెట్టె, స్వేదన జలం తీసే రాగి బట్టీ. రోజూ ఉదయం చూసుకోవలసిన ఏడు అంశాల జాబితా రాసి గోడకు అంటించాను.

పుళ్లు త్వరగా మానాలని పదహారుమంది రోగులకు రోజూ నిమ్మరసం ఇస్తున్నారు. వారానికోసారి వాళ్ల రక్తంలో సి విటమిన్ కొలవడం నా పని. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ప్లాస్మాను స్వేదన జలంతో పలచన చేసేవాణ్ణి. పదహారూ సిద్ధమయ్యాక, అంటే దాదాపు రెండు గంటలకు, ఆమ్లం కలిపి బ్యూరెట్ నుంచి నీలిరంగు ద్రావణం చుక్కచుక్కగా వదిలేవాణ్ణి. విటమిన్ ఉన్నంతసేపు పడిన చుక్క రంగు పోతుంది. అయిపోగానే ఆ నీలం ఆమ్లంలో లేత గులాబీగా మారి నిలుస్తుంది. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే లెక్క.

మూడు వారాలూ గులాబీ రెండో చుక్కకే నిలిచింది. రోజూ నిమ్మరసం తాగేవాళ్లలో అంత తక్కువ ఉండదు. ఫలితాల కింద సంతకం చేసి పంపాను. వంటమనిషి మునిరత్నానికి మెమో వెళ్లింది: నిమ్మకాయలు ఏమయ్యాయో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది.

రెండో రోజు మునిరత్నం మెమో పట్టుకుని మా గదికి వచ్చాడు.

"నా చేత్తో పిండి పోసినా సామీ. రగతంలో లేదని ఎవురు చెప్పినారు?"

బ్యూరెట్ చూపించాను.

"సరి, నా ముందర కొలవండి."

నీళ్లు పోయడానికి బట్టీ మూత తీశాను. అతను రంగునీళ్ల వంక చూడలేదు. మూత లోపల వేలు పెట్టి రుద్దాడు.

"ఈడ కళాయి ఏది? ఇందులో పులుసు కాస్తే కిలుమెక్కి వార్డంతా వాంతులే. నాకు ఇంకో మెమో ఇస్తారు."

ఆవిరి చల్లబడి నీళ్లయ్యే ఆ మూతకు తగరం పూత అరిగి రాగి బయటపడింది. రాగి లేశమాత్రంగా కలిసినా సి విటమిన్ ఆక్సీకరణ చెంది నశిస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. సరిచూసుకోవడానికి, విటమిన్ ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాన్ని కూడా అవే నీళ్లతో చేసినా, కలిపిన వెంటనే కొలిచేవాణ్ణి కనుక అందులో తేడా కనబడలేదు.

డాక్టరుగారు పక్క కాలేజీ నుంచి గాజు బట్టీలో తీసిన నీళ్లు తెప్పించారు. ఒకే రోగి ప్లాస్మాను రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో మా నీళ్లు, రెండోదాంట్లో ఆ నీళ్లు కలిపి రెండు గంటలు ఉంచాం. మా నీళ్లలో గులాబీ రెండో చుక్కకు నిలిచింది, గాజు బట్టీ నీళ్లలో తొమ్మిదో చుక్కకు.

"అయితే ఇన్నాళ్లూ నిమ్మకాయలు ఎవురు తిన్నట్టు?" అన్నాడు మునిరత్నం.

"బట్టీ," అన్నారు డాక్టరుగారు.

నలభై ఎనిమిది ఫలితాలు కొట్టేసి, కింద మళ్లీ సంతకం చేశాను. మెమో రద్దయింది. కళాయి వేసేవాణ్ణి మునిరత్నమే పిలుచుకొచ్చి, పక్కన నిలబడి వేయించాడు. ఒక మనిషిపై సాక్ష్యంగా వాడబోయే కొలతకు ముందు, కొలిచే పాత్రను పరీక్షించాలని అప్పుడు నేర్చుకున్నాను. గోడమీది జాబితాలో ఆ వారం నుంచి అంశాలు ఎనిమిది.