పదహారు జట్లకు సంబంధాలు

మా అత్తగారు లక్ష్మీకాంతం తెనాలిలో నలభై రెండు పెళ్ళిళ్ళు కుదిర్చారు. పెళ్ళిళ్ళ పేరమ్మ అంటే మాత్రం కోపం. "మాట సాయం చేస్తానంతే" అంటారు.

2011 మార్చిలో ఆవిడ మిన్నెసోటాలో మా ఇంట్లో ఉన్నారు. మే నెలాఖరుకి తిరుగు టికెట్. ఇంతలో తెనాలి నుంచి ఫోనొచ్చింది. ఆవిడ కుదిర్చిన నలభై మూడో సంబంధం, స్పందన అనే అమ్మాయిది, ఏప్రిల్ తొమ్మిదిన ముహూర్తం పెట్టుకున్నారట.

"టికెట్ మార్చండి బాబూ, నేను వెళ్ళాలి" అన్నారు.

నా భార్య నళిని ససేమిరా అంది. "మోకాళ్ళ నొప్పితో ఒక్కదానివే ఎలా ట్రావెల్ చేస్తావ్? అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

నేనూ నళిని వైపే. ఆవిడ వెళ్తే గుత్తివంకాయ కూర వెళ్ళిపోతుంది. నా స్వార్థం నాది.

పైగా అది నాకు పూనకం వచ్చే కాలం. ఏటా మార్చి చివర్లో కాలేజీ హాకీ టోర్నమెంటుకి పదహారు జట్లను ఎంపిక చేస్తారు. ఏ జట్టు ఎవరితో, నాలుగు ఊళ్ళలో ఎక్కడ ఆడుతుందో ఓ ఆదివారం టీవీలో ప్రకటిస్తారు. అది ముందే చెప్పగలగడం నా పిచ్చి. స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేసి కూడా ఏడేళ్ళలో ఒక్కసారీ పదహారూ సరిగ్గా పెట్టలేకపోయాను.

"ఏంటి బాబూ ఆ జాతకాలు?" చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగారు.

చెప్పాను. బలమైన జట్టుకి బలహీనమైనదాన్ని జత చేస్తారు. ఒకే లీగ్ జట్లు మొదటి రౌండ్‌లో తలపడకూడదు. ఆతిథ్యమిచ్చే కాలేజీ సొంత ఊళ్ళోనే ఆడాలి.

"సగోత్రం పనికిరాదు, ఆతిథ్యమిచ్చేవాడిది ఇల్లరికం. ఇంతేగా! దీనికి పీహెచ్‌డీ ఎందుకు?"

నాకు ఒళ్ళు మండింది. "పదహారూ కరెక్ట్‌గా చెప్పండి, టికెట్ మారుస్తాను" అన్నాను.

"మాటేనా?"

"మాటే."

శనివారం సాయంత్రం ఆవిడ పదహారు చీటీలు రాయించుకుని భోజనాల బల్ల మీద పరిచారు. చివరికి చూస్తే అంతా నా పట్టికలాగే ఉంది, పదమూడో ర్యాంకు జట్టూ పద్నాలుగో ర్యాంకు జట్టూ తప్ప. ఆ రెంటినీ అటూ ఇటూ మార్చేశారు.

"లెక్క ప్రకారం ఇది తప్పు అత్తయ్యగారూ."

"మీ పదమూడో వాళ్ళు మ్యాచ్ జరిగే ఈ ఊరికి ఎలా రావాలి?"

"ఫ్లైట్‌లో."

"పద్నాలుగో వాళ్ళు?"

"రెండు గంటల డ్రైవ్."

"మరి హాలు నిండొద్దా బాబూ? అంతస్తులో ఓ మెట్టు తేడా ఉంటే సర్దుకుంటారు. పందిరి బోసిపోతే ఎవరూరుకుంటారు?"

ఆదివారం టీవీ ముందు కూర్చున్నాం. ఒక్కో జతా చెబుతుంటే ఆవిడ చీటీ తిప్పుతున్నారు. పదహారూ సరిపోయాయి. నా పట్టిక ఆ రెంటి దగ్గరే తప్పింది.

"ఫోన్ ఎప్పుడు చేస్తారు?" అన్నారావిడ.

నళిని నా మీద విరుచుకుపడింది. "పందెం కాయడానికి మా అమ్మే దొరికిందా ఫణీ? అమ్మా, ఎవరిదో పెళ్ళికి ఇంత పట్టుదలేంటి?"

అత్తగారు చీటీలు పోగుచేస్తూ మెల్లగా అన్నారు. "నీ పెళ్ళికి నాకు వీసా ఇవ్వలేదు. పిట్స్‌బర్గ్ గుళ్ళో నీ మెళ్ళో తాళి పడుతుంటే నేను తెనాలిలో ఫోన్ చెవిలో పెట్టుకుని మంత్రాలు విన్నా. ఎంతమంది ఆడపిల్లల తల్లుల పక్కనో నిలబడ్డానే. నా వంతుకి నాకే దక్కలేదు. అప్పట్నుంచి కుదిర్చిన పెళ్ళి ఒక్కటీ చూడకుండా వదల్లేదు."

నళిని ఏడ్చేసింది. వీసా రాలేదన్నది మా ఇంట్లో ఎప్పుడో చల్లారిన సంగతనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి!

ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ కలిపాను. ఎంతమందికి అని అడిగారు అవతల.

"ఇద్దరికి చెప్పు. నేనూ వెళ్తున్నా. నువ్వు నీ హాకీ చూసుకో" అంది నళిని కళ్ళు తుడుచుకుంటూ.

నిజమే, ఆ తొమ్మిదో తారీఖునే ఫైనల్. అదీ మా ఊళ్ళోనే. ఏడాది ముందే కొన్న టికెట్ నా పర్సులో ఉంది.

"ముగ్గురికి" అన్నాను.

తెనాలి కల్యాణమండపంలో బాజాలు హోరెత్తాయి. అందరూ అక్షింతలు పట్టుకుని పెళ్ళికూతురి వైపు చూస్తున్నారు. మా అత్తగారు మాత్రం పక్కనున్న నళిని చెయ్యి పట్టుకుని, తాళి కట్టడం అయ్యేదాకా ఆమెనే చూస్తూ నిలబడ్డారు.