క్లాంపులకు మిగలని డబ్బు

మూడేళ్ల క్రితం, దువ్వాడలో సొంతింట్లో చేరిన కొత్తలో సంగతి. ఫోనులో నాలుగు వీడియోలు చూసేసరికి నాలో ఒక మహా వడ్రంగి దాగి ఉన్నాడని తెలిసిపోయింది. ముప్పై వేలు బడ్జెట్ వేసుకుని కరెంటు రంపం, డ్రిల్లు, చెక్కను నునుపు చేసే మిషను కొన్నాను. చెక్కను బల్లకు బిగించడానికి రెండు క్లాంపులు కూడా తీసుకోమని షాపాయన చెప్పాడు. ఆ పన్నెండు వందలు దండగనిపించి, నా హోదాకు తగ్గట్టు తోలు ఏప్రన్ కొనుక్కున్నాను.

ఆదివారం ఉదయం మేనమామ కూతురైన మా ఆవిడ లక్ష్మిని పిలిచాను.

"ఈ సెక్క గట్టిగా పట్టుకో. స్టూలు సేసి సూపిత్తాను."

"పట్టుకోడానికి నాను కావాలా? దానికేటీ కొన్లేదా బావా?"

"నువ్వుండగా డబ్బు దండగెందుకే?" అన్నాను, గొప్ప జోకు వేసినట్టు.

సగం కోశానో లేదో, రంపం చెక్కలో ఇరుక్కుని ఒక్కసారిగా వెనక్కి తన్నింది. నా చేతిలోంచి జారి, ఆమె పమిట చెంగును చీల్చుకుంటూ నేలమీద పడి ఆగింది. లక్ష్మి ఏడవలేదు, తిట్టలేదు. చేయి చాపి వేళ్లు నా ముందు పెట్టింది.

"లెక్కెట్టు బావా. బడ్జెట్లు బాగా ఏత్తావు కదా."

లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి. రెండో చేయి కూడా అడిగి లెక్కపెట్టాను.

నాలాంటి మేధావులు ఇంకెవరైనా ఉంటే నా మనవి ఒక్కటే. ముందు పట్టుకునేది కొనండి, కోసేది తర్వాతైనా కొనుక్కోవచ్చు.