బోణీ చెడిన ఉదయం

1983లో రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో నేను సేల్స్ సూపర్‌వైజర్ని. పేరు గొప్పే గానీ చేసేది తగువులు తీర్చడం. మా దగ్గర కౌంటర్ అంటే బల్ల కాదు, తెల్లదుప్పటి పరిచిన పరుపు. సూర్యారావు, వెంకన్న పక్కపక్క పరుపుల మీద కూర్చునేవారు. కొస పట్టుకుని ఒక్క విదిలింపుతో చీరంతా పరిచేవాడు వెంకన్న. ఆ పనితనం మీదే అతని ఉద్యోగం.

కొట్టు తెరిచాక మొదటి బేరం బోణీ. బోణీ మనిషి కొనకుండా వెళ్లిపోతే, ఆ రోజు ఎవరి బేరం తప్పినా పాపం ఆ సేల్స్‌మన్‌దే.

ఆ పొద్దున కొవ్వూరావిడ ఒకరు సూర్యారావు దగ్గర ఉప్పాడ నేతచీర మెచ్చారు. బేరం కుదిరాక, ఎందుకో పక్కనున్న వెంకన్నను అడిగారు.

"రంగు పోదు కదండీ?"

"మొదటిసారి ఉప్పునీళ్లలో జాడించండమ్మా."

అందరం అందరికీ చెప్పే మాటే అది. ఆవిడ మొహం మారిపోయింది. "అంటే పోతుందన్నమాట! మళ్లీ వస్తాంలెండి," అని చెప్పులేసుకున్నారు.

"నా బోణీ చెడగొడతావురా!" అంటూ సూర్యారావు ఇనప మీటరుబద్ద ఎత్తాడు. వెంకన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. బొటనవేలు విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు, "ఎవరైనా కొడితే మెడికో-లీగల్ కేసని రాయాలి, పోలీసులకి కబురెళ్తుంది. ఎలా తగిలిందయ్యా?" అన్నారు. పక్కనే మా షావుకారుగారు నిలబడి ఉన్నారు. అమ్మకాల్లో సూర్యారావు తర్వాతే ఎవరైనా.

వెంకన్న షావుకారుగారి వైపు చూశాడు. "ఆయ్, నిచ్చెన మీంచి పడ్డానండి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వేలు అతుక్కుంది గానీ పట్టు రాలేదు. ఇక చీర విదిలించలేకపోయాడు. "మీరిద్దరూ నాకు రెండు కళ్లురా," అని షావుకారుగారు ఇద్దరినీ ఒకే పరుపు మీద కూర్చోబెట్టి, వెంకన్నకు మడతల పని ఇచ్చారు. ఊళ్లో అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు.

వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. "సుబ్బారావుగారూ, కాస్త నెమ్మదిగా తియ్యమనండి, మడత అందట్లేదు," అని నన్ను పిలిచి, పక్కనున్న మనిషికి నాచేత చెప్పించేవాడు వెంకన్న. చెప్పి చెప్పి విసుగొచ్చేది.

తర్వాత ఎన్ని తగువులు చూశానో! కొట్లో రాజీ అంటే కొట్టుకి నష్టం లేకుండా సర్దడమేనని నాకు తెలిసింది ఈ తగువులోనే. సూర్యారావు రోజంతా విప్పిపోసిన చీరలన్నీ, పని మానేసేదాకా వెంకన్నే మడతపెట్టాడు.