థర్కెల్ మాస్టారు పట్టిన క్యాచ్

దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో కొండమీది బడిలో లాటిన్ బోధించే ఆబ్రీ థర్కెల్ మాస్టారి క్రికెట్ జీవితం ఒక్క మ్యాచ్‌తోనే ముగిసింది. ఇంగ్లండు నుంచి పర్యటనకు వచ్చిన జట్టులో ఇద్దరు జ్వరంతో మంచం పట్టగా, ఊళ్లో ఆడగలిగిన ఆంగ్లేయుడి కోసం వెతికి, ఆయనను పిలిచారు. కూలికి కాక సరదాకు ఆడే పెద్దమనుషుల జాబితాలో, ‘మిస్టర్’ అన్న గౌరవంతో ఆయన పేరు అచ్చయింది. ఇక్కడ రాణిస్తే కేప్ టౌన్‌లో జరిగే పెద్ద పోటీలోనూ చోటిస్తానని నాయకుడు హార్విన్ మాట ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మాస్టారికి అంతకు మించిన కోరిక లేదు.

రెండో రోజు ఉదయం ఆయనను బ్యాట్స్‌మన్ వెనక పక్కగా, స్లిప్పులో నిలబెట్టారు. కూలికి ఆడే బౌలర్ క్రాడక్ నవ్వుతూ, “రోజూ బెత్తం దెబ్బలకు పిల్లల చేతులు చాపిస్తారుగా మాస్టారూ, ఇవాళ మీరు చాపండి,” అన్నాడు.

ఊరి జట్టులో డిర్క్ ఫెరేరా అరవై పరుగులు దాటి పాతుకుపోయి ఉన్నాడు. అతని బ్యాట్ అంచుకు తగిలిన బంతి నేలబారుగా వచ్చింది. మాస్టారు ముందుకు పడి ఒడిసిపట్టారు. క్రాడక్ అడ్డురావడంతో అంపైరుకు ఏమీ కనబడలేదు. అటువంటప్పుడు పట్టిన పెద్దమనిషినే అడగడం, ఆయన మాటకు బ్యాట్స్‌మన్ ఎదురాడకుండా వెళ్లిపోవడం అక్కడి ఆనవాయితీ.

“పట్టారా, థర్కెల్ గారూ?” అని అడిగాడు అంపైరు.

“పట్టాను.”

ఫెరేరా బ్యాట్ చంకన పెట్టుకుని నడిచాడు. అప్పుడు గాని మాస్టారికి తెలివి రాలేదు. బంతి నేలకు తగిలిన అదురు చేతివేళ్లకు ముందే తెలిసింది. నోరు మాత్రం మరొకటి పలికింది. పిల్లలలో తాను ఏనాడూ సహించని అబద్ధం అంత సునాయాసంగా తన గొంతులోంచే వచ్చిందంటే ఆయనకు నమ్మశక్యం కాలేదు.

“కూలికి ఆడే మమ్మల్నయితే ఎవరూ అడగరు దొరా,” అన్నాడు క్రాడక్, ఆయన వీపు తట్టి.

భోజనాల వేళ ఆయన హార్విన్‌కు సంగతి చెప్పారు. హార్విన్ మాంసం కోస్తూనే, అవతలివాడే వెళ్లిపోయాక ఇక మాట లేదనీ, ఇది బయటికి పొక్కితే కేప్ టౌన్ సంగతి మరిచిపొమ్మనీ అన్నాడు. మాస్టారు లేచి ఫెరేరా దగ్గరికి వెళ్లారు.

“బంతి నేలను తాకిందండీ.”

“చూశాను,” అన్నాడు ఫెరేరా, చిన్నగా.

“మరి ఎందుకు వెళ్లిపోయారు?”

“పట్టానన్నారు మీరు. నేను నిలబడితే పదిమందిలో మిమ్మల్ని అబద్ధాలకోరన్నట్టే కదా.”

ఇంతసేపూ తాను ఒక మనిషిని మోసగించానని అనుకున్నారు. ఆ మనిషి మోసమని తెలిసే తనను కాచాడు. ఆయన బల్ల కొసకు వెళ్లి, రెండు జట్లూ వినేటట్లు, బంతి నేలను తాకిందని చెప్పారు. ఫెరేరా తల దించుకున్నాడు. హార్విన్ అతణ్ణి తిరిగి ఆడమని పిలవనూ లేదు, మాస్టారి ముఖం చూడనూ లేదు.

“ఎందుకు చెప్పారండీ? నేను ఊరుకున్నానుగా,” అన్నాడు ఫెరేరా తరువాత, నొచ్చుకుంటూ.

“పట్టానన్నది నేను కదా,” అన్నారు మాస్టారు.

శనివారం కేప్ టౌన్ రైలెక్కిన పదకొండుమందిలో ఆయన లేరు.